ఎడమచేతి సర్దుబాటు

తోటాడవలస ఉన్నత పాఠశాలలో ఎడమ చేత్తో రాసే పిల్ల ఒకతె ఉందన్న సంగతి ప్రభుత్వానికి తెలిసేదాకా ఆ పిల్ల సుఖంగానే ఉంది.

తెలియడానికి కారణం ఒక సర్క్యులర్. 'విద్యార్థులలో స్వీయగుర్తింపును, చెందుబాటు భావనను పెంపొందించు నిమిత్తం ప్రతి పాఠశాలయందు తొమ్మిది గుర్తింపు బృందములను ఏర్పాటు గావించి, ఉదయపు అసెంబ్లీని సదరు బృందములే నిర్వహించునట్లు చూడవలెను. ఏ ఒక్క విద్యార్థియైనను దేనికీ చెందక మిగిలిపోయినచో అందుకు ప్రధానోపాధ్యాయులే బాధ్యత వహించవలసి యుండును' అని అందులో ఉంది. కింద సంతకం, పక్కన తేదీ, ఆ తేదీకి మూడు రోజుల ముందే ముగిసిపోయిన గడువు కూడా ఉన్నాయి.

ఆ కాగితం చూసి అందరికంటే ఎక్కువ చిన్నబుచ్చుకున్నవాడు డ్రిల్లు మాస్టారు పోలినాయుడు. ఇరవై రెండేళ్లుగా ఆ బడి అసెంబ్లీ ఆయన ఈలకు లేచి, ఆయన ఈలకు కదిలేది. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. ఎవరి వెనక ఎవరు నిలబడాలో తెలిస్తే ఇంక మనిషికి కావలసిన చెందుబాటు ఏముంటుందని ఆయన ఉద్దేశం. కానీ అసెంబ్లీలో ఎత్తుల వరస పాతపద్ధతి అని శిక్షణలో తేల్చేశారు. ఇక నుంచి పిల్లలు గుర్తింపుల వారీగా నిలబడాలి.

తొమ్మిది గుర్తింపులూ విద్యాశాఖ యాప్‌లోనే ఇచ్చారు. కళ్లజోడు పెట్టుకున్నవాళ్లు, కవలలు, ఒక్కరే సంతానమైనవాళ్లు, అమ్మమ్మల దగ్గర పెరిగినవాళ్లు, పైఊరి నుంచి వచ్చినవాళ్లు, ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్లు, నలుగురిలో నోరు విప్పలేనివాళ్లు, ఎడమచేతి వాటంవాళ్లు, ఈ ఎనిమిదింటిలో దేనికీ రానివాళ్లు. ఊళ్లో ఎవరి గురించి ఎవరికైనా అడక్కుండానే తెలిసే గుర్తింపు ఒకటుంది. అది మాత్రం జాబితాలో లేదు. అదేమని ఎవరో అడిగితే, అలాంటిది ఇప్పుడెక్కడా లేదు కనక పెట్టలేదని శిక్షకుడు చెప్పాడు. అడిగినవాళ్లు సంతృప్తి చెందినట్టు ఫారం మీద సంతకం పెట్టారు.

మొదటి వారం అసెంబ్లీలు దివ్యంగా జరిగాయి. కవలల బృందంలో ఉన్నది ఒకే జంట, వాళ్లిద్దరికీ ఆ వారం మాటల్లేవు. ఒక్కరే సంతానమైనవాళ్లు మైకు ఒకరికొకరు ఇవ్వలేదు. నలుగురిలో నోరు విప్పలేనివాళ్ల బృందం వేదికెక్కి ఎనిమిది నిమిషాలు నేల చూపులు చూసి దిగిపోయింది. అది క్రమశిక్షణలో జిల్లాకే ఉత్తమ అసెంబ్లీగా ఎంపికైంది.

ఒక్క గడి మాత్రం యాప్‌లో ఎర్రగా మిగిలిపోయింది. ఎడమచేతి వాటం: సున్న.

సున్న ఎందుకొచ్చిందో హెడ్‌మాస్టరు జగ్గారావు గారికి తెలుసు. ఆ సున్న కోసం ఆయన ముప్ఫై ఆరేళ్లు శ్రమపడ్డారు. ఊరి చిన్నబడిలో రెండో తరగతి పంతులుగా చేరిన రోజు నుంచి ఆయన సరిచెయ్యని ఎడమ చెయ్యి లేదు. పద్ధతి చాలా సులువు. పక్క పిల్ల జడరిబ్బను విప్పి, దాంతో ఎడమ చేతిని బెంచీ కాలికి కట్టేసేవారు. ముద్దుగా 'చేతికి బడి' అనేవారు. తర్వాత ఆయన మండలంలోని పంతుళ్లందరికీ అదే పద్ధతి నేర్పారు. రెండుసార్లు శాలువా కూడా కప్పించుకున్నారు. అందువల్ల మండలంలో ఉన్న ఆరు ఉన్నత పాఠశాలల్లోనూ ఆ గడి ఆరు ఎర్ర సున్నలతో మెరుస్తోంది.

"ఇప్పుడెక్కడి నుంచి తెమ్మంటారయ్యా? విత్తనానికి కూడా మిగల్చలేదే!" అని జగ్గారావు గారు తల పట్టుకున్నారు.

పోలినాయుడు నోరు మూసుకుని ఊరుకుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఊరుకోలేదు.

ఆయన దగ్గర ఒక రహస్యముంది. తొమ్మిదో తరగతి యామిని. నిరుడు కొండమీది ఊరి నుంచి వచ్చింది. అక్కడి బళ్లో మాస్టారు నెలకోసారి వచ్చేవాడు. ఎడమ చెయ్యి మాన్పించాలంటే రోజూ రావాలి కదా, అందుకని ఆ పిల్ల చెయ్యి చెక్కుచెదరకుండా బతికిపోయింది. వచ్చిన మొదటి రోజే వాలీబాల్ ఎత్తి ఎడమ చేత్తో ఒక్క దెబ్బ కొట్టింది. బంతి వెళ్లి వంటషెడ్డు గోడకు తగిలింది. పోలినాయుడు ఈల నోట్లోంచి జారి పడింది. పంతొమ్మిదేళ్లుగా మండల కప్పు లంకలపేట బడి బీరువాలోనే ఉంది. అడ్డుకునేవాళ్లంతా కుడి భుజం మీద కన్నేసి ఎగురుతారు, ఈ పిల్ల బంతి అటు పక్క నుంచి వస్తుంది. కప్పు ఈసారి మనదేనని ఆయనకు ఆ సాయంత్రమే తెలిసిపోయింది.

అప్పటి నుంచీ ఆయన యామినిని కోడి పిల్లను దాచినట్టు దాచుకొచ్చాడు. "హెడ్‌మాస్టరు బాబు క్లాసుకొస్తే మాత్రం కుడి చేత్తో రాయే. అచ్చరాలు వంకరొచ్చినా ఫర్వాలేదు" అని ముందే చెప్పి ఉంచాడు. ఇప్పుడు సర్కారే ఎడమ చేతుల్ని వెతుకుతోంది. ఇంక పిల్లకు భయం లేదనుకుని, సంతోషం పట్టలేక, "ఒకతుందండి బాబూ" అనేశాడు.

జగ్గారావు గారు యామినిని పిలిపించి, ఆ ఎడమ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లకద్దుకున్నారు.

మర్నాడే యామిని ఒక్కతే బృందమై వేదికెక్కింది. ఉపన్యాసం హెడ్‌మాస్టరు గారే రాసిచ్చారు. "నేను ఈ బడికి చెందినదాన్ని. ఈ బడి నాకు చెందినది. నా ఎడమ చేతిని ఈ బడి గుండెలకు హత్తుకున్నది." చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు. గడి పచ్చబడింది. దిగి వస్తూ యామిని, "మేస్టారూ, ఇంక అందరి ముందూ ఎడం సేత్తోనే రాసుకోవచ్చా?" అని అడిగింది. పిల్ల మొహం చూసి పోలినాయుడికి కడుపు నిండిపోయింది.

ఆ నిండుదనం రెండు రోజులుంది. మూడో రోజు మండల విద్యాశాఖాధికారి గారి నుంచి ఉత్తర్వు వచ్చింది.

'మండలమందలి ఐదు పాఠశాలలలో ఎడమచేతి వాటము నిండుకొని యున్నందునను, తోటాడవలసయందు సదరు వనరు ఒకటి లభ్యమై యున్నందునను, కుమారి యామినిని పని సర్దుబాటు ప్రాతిపదికన వారమునకు ఐదు దినములు ఐదు పాఠశాలలకు కేటాయించుచు ఆదేశించడమైనది.'

పంతుళ్లను ఒక బడి నుంచి ఇంకో బడికి సర్దడం ఎప్పుడూ ఉన్నదే. పిల్లను సర్దడం మాత్రం ఇదే మొదలు. పోలినాయుడు ఆ కాగితం పట్టుకుని మండల ఆఫీసుకు పరిగెత్తాడు.

"చదువుకునే పిల్లండి. బదిలీలేటండి?" అన్నాడు.

ఎం.ఈ.ఓ. గారు ఫైలు మీంచి తలెత్తలేదు. "బదిలీ కాదయ్యా, సర్దుబాటు. ఒక చోట మిగులు, ఐదు చోట్ల కొరత. హేతుబద్ధీకరణ చెయ్యకపోతే మండలం ఎర్రబడుతుంది. మండలం ఎర్రబడితే నాకు మెమో వస్తుంది. నాకు మెమో వస్తే నీకు రాదా?"

"అసెంబ్లీ పావుగంటే కదండి. అవగానే పంపించెయ్యొచ్చు కదా."

"ఉదయం జాయినింగు రిపోర్టు, సాయంత్రం రిలీవింగు ఆర్డరు. మధ్యలో పంపిస్తే ఆ పిల్ల ఏ బడికి చెందినట్టు? అసలు ఈ కార్యక్రమం పేరేమిటి? చెందుబాటు! దానికే భంగం రాదూ?"

పోలినాయుడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెనుదిరిగాడు.

అలా యామిని ఉద్యోగం మొదలైంది. సోమవారం సొంత బడి. మంగళవారం నుంచి శనివారం దాకా రోజుకో ఊరు, రోజుకో వేదిక, రోజుకో బస్సు. ఎక్కడికెళ్లినా అదే మాట. "నేను ఈ బడికి చెందినదాన్ని." మొదట్లో ఊరి పేరు కూడా కలిపి చెప్పబోయి గురువారం పొరపాటున బుధవారం బడి పేరు చెప్పేది. తర్వాత పేరు చెప్పడమే మానేసి 'ఈ బడి' అనడం నేర్చుకుంది. మధ్యాహ్నం భోజనంలో ఏ బళ్లోనూ ఆమె పేరున గుడ్డు లెక్కకు రాలేదు. సాయంత్రం రిలీవింగు కాగితం చేతికొచ్చి, బస్సు పట్టుకుని తోటాడవలస చేరేసరికి వాలీబాల్ వల విప్పి లోపల పెట్టేసేవారు. యాప్‌లో మాత్రం ఆరు బళ్లూ పచ్చగా పచ్చిక బయలులా ఉన్నాయి. మండలానికి ఆరుగురు ఎడమచేతి వాటంవాళ్లు. ఆరుగురి పేరూ యామినే.

ఒక సోమవారం ఆటల పీరియడులో ఆ పిల్ల కోర్టు అంచున కూర్చుని లేవలేదు.

"ఏటే, ఒంట్లో బాగోలేదేటి?" అన్నాడు పోలినాయుడు.

"నా బెంచీలో వేరే గుంటని కూకోబెట్టేసినారు మేస్టారూ. హాజరు పిలిస్తే నాను పలికేలోపే క్లాసంతా 'ఆన్ డ్యూటీ సార్' అనేస్తన్నారు. నాను ఎదురుగానే ఉన్నానండి."

పోలినాయుడు బంతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. గాలి సరిపోయింది.

"అన్ని బళ్లలోనూ నాను మీదాన్నే అని సెప్తన్నానండి. ఇక్కడే ఎవలూ నన్ను మాదానివి అనట్లేదు. పోటీల్లోనన్నా ఆడనిస్తారా మేస్టారూ? ఆడితే మళ్లీ అందరికీ గేపకం వత్తాను."

"ఎందుకాడనివ్వరే! ఆడతావు" అన్నాడాయన. అని, అలా అన్నందుకు రెండు రాత్రులు నిద్రపోలేదు. ఆ పిల్లను చూపించింది తన నోరే. ఆ నోటిని ఆ రోజు కుట్టేసుకుని ఉంటే బాగుండేదని ఎన్నిసార్లనుకున్నాడో లెక్కలేదు.

అనుమానపడ్డట్టే అయింది. మండల వాలీబాల్ పోటీల ఆఖరి ఆట గురువారం పడింది. ఫైనల్లో తోటాడవలస, లంకలపేట. జట్టు జాబితా ఇవ్వడానికి వెళ్తే లంకలపేట డ్రిల్లు మాస్టారు తన జాబితా ముందే ఇచ్చేసి నవ్వుతూ నిలబడ్డాడు. అందులో ఆరో పేరు యామిని.

"గురువారం గుంట మాది. ఉత్తర్వు చూసుకోండి" అన్నాడు.

చూసుకుంటే నిజమే. గురువారం లంకలపేట.

పోలినాయుడు మళ్లీ మండల ఆఫీసుకు పరిగెత్తాడు. లంకలపేట ఆయనా వెనకే వచ్చాడు. ఇద్దరూ అరుచుకుంటుంటే ఎం.ఈ.ఓ. గారు చెయ్యెత్తి న్యాయం చెప్పారు. "గురువారం అదే మైదానంలో మండల మహా అసెంబ్లీ ఉంది. రాష్ట్ర పరిశీలకురాలు వస్తున్నారు. మన మండలం నూటికి నూరు శాతం పచ్చ కదా, చూసి పోదామని. ఆరు బళ్ల తరఫునా ఆ అమ్మాయి ఆరుసార్లు వేదికెక్కాలి. కనక ఆమె ఎవరి తరఫునా ఆడదు. పేచీ తీరిపోయింది, వెళ్లండి."

గురువారం మైదానానికి ఒక పక్క షామియానా, ఇంకో పక్క వాలీబాల్ వల. తొమ్మిదిన్నరకు పరిశీలకురాలు కారు దిగారు. చల్లగా నవ్వే మనిషి. చేతిలో పలక లాంటి యంత్రం.

"మీ మండలంలో ఆరుగురు ఎడమచేతివాటం నాయకులున్నారని చూశాను. రాష్ట్రంలో ఇంకెక్కడా లేరు. నాకు వేరే ఏమీ వద్దండి, ఆ ఆరుగురినీ పక్కపక్కన నిలబెట్టండి, ఒకే ఫోటోలో కావాలి" అన్నారు.

ఎం.ఈ.ఓ. గారు జగ్గారావు గారి వైపు చూశారు. జగ్గారావు గారు షామియానా గుంజ పట్టుకున్నారు. ఒక పిల్లను ఆరుసార్లు వేదికెక్కించవచ్చు గానీ తన పక్కన తానే ఐదుసార్లు నిలబడమని ఏ ఉత్తర్వుతో చెప్పగలరు? ఆవిడను టిఫినుకు కూర్చోబెట్టి ఇద్దరూ వెనక్కి వచ్చారు.

"అరగంటలో ఆరుగురు! పోలినాయుడూ, ఎక్కడన్నా ఉన్నారా నాయనా?" అన్నారు జగ్గారావు గారు.

ఆటకు పది గంటలకు ఈల. జాబితాలో పేరు మార్చాలంటే అంతకు ముందే. పోలినాయుడు ఎం.ఈ.ఓ. గారి వైపు తిరిగాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన ఏ అధికారి కళ్లలోకీ సూటిగా చూడలేదు.

"ఆరుగుర్ని ఇస్తానండి. ముందు యామిని సర్దుబాటు రద్దని రాసి సంతకం పెట్టండి."

"బేరమా?"

"హేతుబద్ధీకరణండి."

ఎం.ఈ.ఓ. గారు కార్యక్రమ పత్రం వెనక గబగబా రాసి సంతకం చేశారు. ముద్ర కూడా వేశారు, జేబులో ఉంటుంది కనక. "ఏరీ ఆరుగురు?"

"మొదటోణ్ని నేనేనండి" అన్నాడు పోలినాయుడు.

జగ్గారావు గారు వెర్రిచూపు చూశారు. "నువ్వేమిటోయ్? నువ్వు కుడిచేతివాటం కదా!"

"రెండో తరగతి కాణ్నించండి. అంతకు ముందు కాదు. తవుడమ్మ రిబ్బనుతో మీరే కట్టినారు, మూడో బెంచీకి."

షామియానా వెనక గంగాళంలో ఉప్మా కలుపుతున్న తవుడమ్మ ఆ మాట విని గరిటె పక్కన పెట్టింది. బడి వంటమనిషి. పోలినాయుడి తరగతే. "ఆడికి కట్టిన రెండో నాడు నాకూ కట్టినారు బాబూ. నా రిబ్బనుతోనే. ఎర్రది. మా అప్ప తిరనాళ్లలో కొనిచ్చింది, మళ్లీ ఇచ్చేరు కాదు" అంది.

అక్కడి నుంచి వెతకక్కర్లేకపోయింది. లెక్కల మాస్టారు ముందుకొచ్చాడు. ఆఫీసు అటెండరు వచ్చాడు. పిల్లల్ని దింపిన ఆటో అతను బండి ఆపి వచ్చాడు. మైకుసెట్టు అమర్చేవాడు వైర్లు వదిలి వచ్చాడు. అందరూ జగ్గారావు గారి రెండో తరగతే.

"కానీ వీళ్లు విద్యార్థులు కారే!" అన్నారు ఎం.ఈ.ఓ. గారు.

జగ్గారావు గారు ముప్ఫై ఆరేళ్లు సర్కారు ఉప్పు తిన్న మనిషి. ఆయన తటపటాయించలేదు. "పూర్వ విద్యార్థులండి. సర్క్యులర్‌లో విద్యార్థులన్నారు గానీ ఎప్పటి విద్యార్థులో నిర్దేశించలేదు."

పోలినాయుడు రద్దు కాగితాన్ని యామిని చేతిలో పెట్టి, "పరిగెత్తు" అన్నాడు. పరిగెత్తింది.

ఆరుగురూ వేదిక మీద వరసగా నిలబడ్డారు. అలవాటుకొద్దీ పోలినాయుడు పొట్టివాళ్లను ముందు పెట్టాడు. పరిశీలకురాలు వాళ్ల తలల్లో నెరిసిన జుట్టు చూసి ఒక్క క్షణం ఆగి, "అన్ని వయసుల సమ్మిళితం! చాలా బావుంది" అన్నారు. తర్వాత, "ఎవరి పేరు వాళ్లు ఎడమ చేత్తో బోర్డు మీద రాయండి" అన్నారు.

పోలినాయుడు సుద్దముక్క తీసుకున్నాడు. ముప్ఫై ఆరేళ్లుగా ఆ చెయ్యి గంట కొట్టింది, బంతి ఎగరేసింది, అక్షరం మాత్రం రాయలేదు. కదలదనుకున్నాడు. కదిలింది. పెద్ద పెద్ద అక్షరాలు, గుండ్రంగా, వంకరగా, గీత దాటిపోతూ. రెండో తరగతి పిల్లాడి చేతిరాత. ఆగిన చోటి నుంచే మొదలుపెట్టింది. ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి, సుద్దపొడి పడిందన్నట్టు భుజంతో తుడుచుకున్నాడు. పక్కన తవుడమ్మ తన పేరు రాసి, దానికింద ఇంకా చోటు మిగిలిందని మళ్లీ రాసింది.

"అద్భుతం. ఇంతమందిని తీర్చిదిద్దింది ఎవరు?" అన్నారు పరిశీలకురాలు.

ఆరు ఎడమ చేతులు లేచి జగ్గారావు గారిని చూపించాయి.

ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టారు. పరిశీలకురాలు యంత్రంలో ఏదో రాసుకున్నారు. ఎడమచేతి వాటాన్ని మూడున్నర దశాబ్దాలుగా భద్రపరిచిన విద్యావేత్త అని, ఆ పద్ధతిని రాష్ట్రమంతటా ప్రవేశపెట్టడానికి వారంలోగా నివేదిక ఇవ్వాలని అక్కడికక్కడే ప్రకటించారు. మూడో శాలువా పడింది. పద్ధతి ఏమిటని అడిగితే ఏం రాయాలో తెలియక జగ్గారావు గారు శాలువాలో చెమటలు కక్కారు.

అటు పక్క వల దగ్గర జట్లను పిలిచే ఈల మోగింది. పోలినాయుడు చెప్పులు కూడా వెతుక్కోకుండా వేదిక దిగి పరిగెత్తాడు. స్కోరు రాసే అతను అప్పుడే యామినిని అడుగుతున్నాడు. "ఏ బడి అమ్మా? రెండు జాబితాల్లోనూ నీ పేరు రాసి కొట్టేసుంది."

"తోటాడవలసండి. అన్ని బడులకాడా రిలీవైపోనాను" అని యామిని ముద్ర ఉన్న కాగితం చూపించింది.

మొదటి సెట్టు లంకలపేట గెలిచింది. పిల్ల నెలన్నరగా బంతి సరిగ్గా ముట్టలేదు మరి. రెండో సెట్టులో చెయ్యి దారిలో పడింది. అక్కణ్నుంచి లంకలపేటవాళ్లు ఇటు ఎగిరితే బంతి అటు పడింది, అటు ఎగిరితే వాళ్ల మధ్యలో పడింది. చివరి సెట్టు చివరి పాయింటుకు తొమ్మిదో తరగతి మొత్తం లైను దగ్గరకొచ్చి, "మా యామిని! మా యామిని!" అని గొంతులు చించుకుంది. ఆమె బెంచీలో కూర్చోబెట్టిన పిల్ల అందరికంటే గట్టిగా అరిచింది. ఆ మాట ఏ సర్క్యులర్‌లోనూ లేదు, ఎవరూ రాసివ్వలేదు. బంతి లేచింది. యామిని లేచింది. పంతొమ్మిదేళ్ల కప్పు ఒక్క దెబ్బకు బీరువాలోంచి బయటికొచ్చింది.

కప్పు ఇవ్వడానికి శాలువాతో సహా జగ్గారావు గారే వచ్చారు. పక్కనే పరిశీలకురాలు ఫోటోకు సిద్ధంగా ఉన్నారు. యామిని చెమటలు కారుతూ వచ్చి ఎడమ చెయ్యి చాపింది.

ముప్ఫై ఆరేళ్ల అలవాటు జగ్గారావు గారి గొంతులోకి తన్నుకొచ్చింది. కప్పు వెనక్కి లాక్కుని, "కుడి..." అన్నారు.

అని, పక్కకు చూశారు. పరిశీలకురాలు నవ్వుతున్నారు. కాస్త వెనకగా పోలినాయుడు, తవుడమ్మ, లెక్కల మాస్టారు, అటెండరు, ఆటో అతను, మైకుసెట్టువాడు నిలబడి ఉన్నారు. వాళ్లు నవ్వడం లేదు.

"ఏటండి బాబూ?" అంది యామిని, చెయ్యి చాపి ఉంచే.

"ఏం లేదమ్మా" అన్నారు జగ్గారావు గారు. "తీసుకో."